బాడీ మారిస్తే బొమ్మ మారుతుందా మాస్టారూ?

మన సాఫ్టువేరు జనాలకి ఒక జబ్బుంది. బోనసు అకౌంటులో పడిన సాయంత్రానికల్లా చేతిలో ఉన్న కెమెరా పాతబడిపోతుంది. పొద్దున్నదాకా బాగానే ఉన్న బాడీ, లంచ్ టైముకి 'ఎంట్రీ లెవెల్' అయిపోతుంది. పక్క సీటు మిత్రుడు "ఇంకా క్రాప్ సెన్సారేనా మాస్టారూ? ఫుల్ ఫ్రేముకి వచ్చెయ్యండి, తేడా మీకే తెలుస్తుంది" అంటాడు. ఆ తేడా ఆయన ఫొటోల్లో మాత్రం నాకెప్పుడూ కనబడలేదు. పాపం ఆయనా కనబడుతుందనలేదు లెండి, తెలుస్తుందని మాత్రమే అన్నాడు.

ఆయన్ని అనడమెందుకు, పోయినేడు నేనూ ఆ గోతిలో ఒక కాలు పెట్టాను. నాది 2009లో కొన్న నికాన్ డి90, దాంతోపాటు వచ్చిన 18-105 లెన్సు. నికాన్ వాడి జెడ్6 మూడో తరం బాడీని కార్టులో పెట్టుకుని, రెండు లక్షల పైమాటకి ఈఎమ్ఐ లెక్కలేసుకుంటూ కూర్చున్నా. సాకు కూడా సిద్ధంగా ఉంది: మా ఊరి ఫొటోలు.

మాది ద్రాక్షారామం. కార్తీక మాసంలో తెల్లారగట్ల సప్తగోదావరి గుండం దగ్గర ఆడవాళ్ళు దీపాలొదులుతుంటే చూడాలి. ప్రతి ఏడూ తీస్తాను, ప్రతి ఏడూ సగానికి పైగా చెడతాయి. దీపం ఉంటుంది, దాన్ని వదిలిన చెయ్యి అలుక్కుపోతుంది. ఐఎస్ఓ 3200కి తోస్తే ఫొటో అంతా ఇసక చల్లినట్టుంటుంది. 'ఇక ఈ కెమెరా వల్ల కాదు' అని తీర్మానించేశాను. పదిహేనేళ్ళు దాటిన కెమెరా కదా, కాదనేవాళ్ళు కూడా ఎవరూ ఉండరు.

కానీ ఒక్క మాట. ఆఫీసులో ఎవడన్నా వచ్చి "అప్లికేషను స్లోగా ఉంది, పెద్ద సర్వరు కొందాం" అంటే మనమేం చేస్తాం? "ప్రొఫైల్ చేశావా? ఎక్కడ ఆగుతోంది? సీపీయూనా, డిస్కా, నువ్వు రాసిన క్వెరీయా?" అని నిలబెట్టి కడిగేస్తాం. ఇండెక్సు లేని టేబులు మీద క్వెరీ కొడుతూ కొత్త సర్వరు అడిగేవాణ్ణి చూసి టీమంతా నవ్వుకుంటాం. మరి సొంత డబ్బు రెండు లక్షలు పెట్టేటప్పుడు ఆ బుద్ధంతా ఏ గోదాట్లో కలిసిపోతుందండీ?

సరే, మనదీ ప్రొఫైల్ చేద్దామని కూర్చున్నా. ప్రతి ఫొటో ఫైల్లోనూ ఎగ్జిఫ్ సమాచారం ఉంటుంది: ఎపర్చరు, షట్టరు స్పీడు, ఐఎస్ఓ, ఏ ఫోకల్ లెంగ్తులో తీశాం, అన్నీను. ఎగ్జిఫ్‌టూల్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాముంది, ఒక్క కమాండు కొడితే ఫోల్డరు మొత్తాన్నీ సీఎస్‌వీలో పోసి ఇస్తుంది. చెడిన దీపాల ఫొటోలు చూస్తే అన్నిటిదీ ఒకటే కథ. 50 మిల్లీమీటర్ల దగ్గర, ఎఫ్/5, షట్టరు సెకనులో 8వ వంతు. అంతసేపు కదలకుండా ఉండాలంటే అది బతికున్న మనిషి చెయ్యి అవదు.

ఇప్పుడు లెక్క చూడండి. ఎఫ్/5 బదులు ఎఫ్/1.8 లెన్సు పెడితే లోపలికొచ్చే వెలుతురు సుమారు 7.7 రెట్లు. 8వ వంతు కాస్తా 60వ వంతు అవుతుంది, చెయ్యి నిలబడుతుంది. దాదాపు మూడు స్టాపులన్నమాట. మరి ఫుల్ ఫ్రేము? దాని సెన్సారు వైశాల్యం మా డి90 సెన్సారుకి 2.3 రెట్లు, అంటే ఒక స్టాపు చిల్లర. ఇన్నేళ్ళలో సెన్సార్లు బాగుపడ్డదీ కలిపి ఉదారంగా రెండు స్టాపులు వేసుకోండి. పాత 50 ఎఫ్/1.8డి లెన్సు సెకండ్ హ్యాండులో పదివేల లోపే దొరుకుతుంది. పదివేలకి మూడు స్టాపులు, రెండు లక్షలకి రెండు!

"కొత్త బాడీల్లో స్టెబిలైజేషన్ ఉంది కదా" అంటారు. ఉంది. అది ఆపేది కెమెరా పట్టుకున్న మన చేతి వణుకుని, దీపం వదిలే ఆవిడ చేతి కదలికని కాదు. అయితే ఎఫ్/1.8 దగ్గర ఫోకస్ పల్చగా ఉంటుంది, దీపం మీద పెడితే మొహం మెత్తబడుతుంది. అది మాత్రం ఒప్పుకోవాల్సిందే.

అసలు తిరకాసు ఇంకోటుంది. జెడ్ బాడీలకి మౌంటు వేరు. పాత లెన్సులు ఎఫ్‌టీజెడ్ అడాప్టరుతో తగులుతాయి గానీ, ఆ అడాప్టరులో ఫోకస్ తిప్పే మోటారు లేదు. డి90లో ఉంది. అంటే ఆ 50 లెన్సు మా పాత డొక్కు మీద తనంతట తనే ఫోకసవుతుంది, కొత్త బాడీ మీద మనం చేత్తో తిప్పుకోవాలి. ఇక మా 18-105 ఉందే, అది డీఎక్స్ లెన్సు. దాన్ని చూడగానే ఫుల్ ఫ్రేము బాడీ సెన్సారులో మధ్య ముక్కే వాడుకుంటుంది. 24 మెగాపిక్సెళ్ళలో చేతికొచ్చేది పది చిల్లర. మా డి90కి పన్నెండు! రెండు లక్షలు పోసి ఉన్న మెగాపిక్సెళ్ళు తగ్గించుకోవడమన్నమాట. దీనికి విరుగుడేంటంటే లెన్సులు కూడా కొత్తవి కొనడం. బాడీ ధర ఎప్పుడూ బాడీ ధర కాదండీ.

పన్నెండు మెగాపిక్సెళ్ళు ఏ మూలకి అంటారా? 12 బై 8 అంగుళాల ప్రింటుకి అంగుళానికి 300 చుక్కల చొప్పున వేసుకున్నా 8.64 మెగాపిక్సెళ్ళు చాలు. మీరు చివరిసారి 12 బై 8 ప్రింటు ఎప్పుడు వేయించారు?

ఈ ప్రశ్న దగ్గరే నా గర్వమంతా దిగింది. మూడేళ్ళ క్రితం మా మామ్మ పోయింది. పెద్దకార్యం నాటికి పటం కట్టించాలి, మంచి ఫొటో చూడరా అన్నారు నాన్నగారు. ఇంట్లో పెద్ద కెమెరా ఉన్నవాణ్ణి నేనే కదా. హార్డ్ డిస్కు తెరిచి రాత్రంతా వెతికాను. గుడి గోపురం రకరకాల వెలుతుర్లో ఉంది. వరిచేల మీద కొంగలున్నాయి. కోటిపల్లి రేవులో పొద్దుగూకడం ఉంది. మామ్మ ఒక్కదాంట్లో ఉంది, వెనకాల మసగ్గా. నేను ముందున్న మందార పువ్వు మీద ఫోకస్ చేశాను. చివరికి పటానికెక్కింది మా చెల్లి పెళ్ళిలో ఊళ్ళో స్టూడియో ఆయన తీసిన ఫొటో. "మామ్మగారూ, ఒక్కసారి ఇటు చూడండి" అని పిలిచి తీశాడాయన. అన్నేళ్ళలో నేనొక్కసారి కూడా అలా పిలవలేదు. చెప్పండి, ఏ బాడీ ఉంటే ఆ ఫొటో నాకు దక్కేది? జెడ్6 ఉంటే ఆ మందార పువ్వు ఇంకా బాగా వచ్చేదంతే.

అలాగని బాడీ మార్చేవాళ్ళంతా వెర్రివాళ్ళని నేననను. కోరింగ మడ అడవుల్లో ఎగిరే పిట్టల్ని తీసేవాళ్ళకి డి90లో ఉన్న 11 ఫోకస్ పాయింట్లతో కుస్తీ పట్టమని చెప్పడం అన్యాయం. కొత్త బాడీలు పిట్ట కన్ను వెతికి మరీ పట్టుకుంటాయి. పెళ్ళిళ్ళు తీసి బతికేవాళ్ళకి రెండు కార్డు స్లాట్లు విలాసం కాదు, కార్డు పోయిందని మళ్ళీ తాళి కట్టించలేం కదా. షట్టరు చచ్చిపోతే గొడవే లేదు. వీళ్ళందరిలో ఒక పోలిక ఉంది చూశారా? తమకి ఏ ఫొటో రావట్లేదో, ఎందుకు రావట్లేదో వీళ్ళు చెప్పగలరు. మనం 'డైనమిక్ రేంజ్' అంటాం.

కాబట్టి కార్టు తెరిచే ముందు ఒక కాయితం తీసుకోండి. తియ్యాలనుకుని తియ్యలేకపోయిన ఫొటోలు ఓ మూడు రాయండి. ఎదురుగా కారణం రాయండి. బాడీ అని తేలితే నిక్షేపంగా కొనుక్కోండి, ఎవడడ్డొస్తాడు? లెన్సయితే లెన్సు కొనండి. 'అక్కడ నేను లేను' అని తేలితే గౌతమికి టిక్కెట్టు తీసుకోండి, దానికి ఈఎమ్ఐ కూడా అక్కర్లేదు. ఏమీ రాయలేకపోయారా, మరి ఆ రెండు లక్షలు దేనికో మీరే చెప్పాలి.

నేను ఆ 50 లెన్సు కొన్నాను. కార్తీకంలో దీపాలు వచ్చాయి. అన్నీ కాదు, చాలా వచ్చాయి. ఇంటికొచ్చాక అరుగు మీద కూర్చున్న అమ్మని "అమ్మా, ఇటు చూడు" అన్నాను. "ఉండరా, తల దువ్వుకోలేదు" అంది. ఉన్నాను. దాన్ని రామచంద్రపురంలో 12 బై 8 ప్రింటు వేయించి ముందుగదిలో తగిలించాం. వచ్చినవాళ్ళందరూ చూస్తున్నారు, ఏ కెమెరా అని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.

కార్టులో ఆ జెడ్6 ఇంకా అలాగే ఉందనుకోండి, అది వేరే సంగతి :)