కారు కోటిదైనా జాబ్ కార్డే దిక్కు! ఎలక్ట్రికల్ లోపం వస్తే వారంటీ ఎలా రాబట్టాలి? తిరుపతి, చిత్తూరు ఓనర్లు తెలుసుకోవాల్సింది ఇదే

తిరుపతి: కారు కొన్నది 2009 సెప్టెంబర్ 25న. నాలుగు రోజులకే, అంటే సెప్టెంబర్ 29న తీవ్రమైన లోపం బయటపడింది. వర్క్‌షాప్‌కి తీసుకెళ్లారు. నవంబర్ 13న మళ్లీ అదే కథ. మరి చివరి తీర్పు ఎప్పుడొచ్చిందో తెలుసా? 2024 జూలై 10న. దాదాపు 15 ఏళ్లు!

ఇది ఎక్కడో విదేశాల్లో జరిగింది కాదు. హైదరాబాద్‌కి చెందిన జీవీఆర్ ఇండియా ప్రాజెక్ట్స్ సంస్థ కొన్న బీఎండబ్ల్యూ 7 సిరీస్ కారు కేసు. కోట్లు పెట్టి కొన్నవాళ్లకే ఇంత టైమ్ పడితే మామూలు ఓనర్ పరిస్థితి ఏంటి? తిరుపతిలోనూ చిత్తూరులోనూ ఖరీదైన కార్లు, స్పోర్ట్స్ కార్లు ఇప్పుడు రోడ్ల మీద కనిపిస్తూనే ఉన్నాయి. వాటి సర్వీస్ సెంటర్లు చాలావరకు చెన్నై, బెంగళూరు, హైదరాబాద్‌లోనే ఉన్నాయి. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఆ 15 ఏళ్లలో ఏం జరిగింది?

కొన్నవాళ్లు చీటింగ్ కింద పోలీస్ కేసు పెట్టారు. 2012 మార్చిలో హైకోర్టు ఆ కేసును కొట్టేసింది. అయితే పాత కారు బదులు కొత్త కారు ఇవ్వమని కంపెనీకి చెప్పింది. కంపెనీ సరేనంది. కొన్నవాళ్లు మాత్రం కారు వద్దు, వడ్డీతో డబ్బు కావాలన్నారు. విషయం సుప్రీంకోర్టుకి చేరింది. చివరికి 50 లక్షల రూపాయలు చెల్లించి వివాదం ముగించాలని కంపెనీని కోర్టు ఆదేశించింది. చీటింగ్ జరిగిందనడానికి ఆధారాలు లేవని కూడా స్పష్టం చేసింది.

ఇందులో మనకు రెండు విషయాలు కనిపిస్తాయి. ఒకటి, కారులో లోపం ఉన్నంత మాత్రాన అది చీటింగ్ అయిపోదు. ఇలాంటి గొడవకి సరైన దారి వినియోగదారుల కమిషన్. రెండు, కంపెనీ ఏదైనా ఆఫర్ ఇచ్చినప్పుడు కోపంలో కాదనకూడదు. లెక్క వేసుకుని నిర్ణయం తీసుకోవాలి. కారు విలువ ఏడాదికేడాది పడిపోతూనే ఉంటుంది కదా.

ఎలక్ట్రికల్ లోపం ఎందుకు అంత తలనొప్పి?

సైలెన్సర్ పగిలితే అందరికీ కనిపిస్తుంది. వైరింగ్ లోపం అలా కాదు. తిరుమల ఘాట్ రోడ్డులో మీటర్ మీద ఎర్ర లైట్లు వరసగా వెలుగుతాయి, పికప్ పోతుంది. కిందకొచ్చి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టే నడుస్తుంది. సర్వీస్ సెంటర్‌కి వెళ్తే "లోపం కనిపించలేదు సార్" అని పంపేస్తారు. రెండు వారాలకి మళ్లీ అదే.

ఎర్త్ వైర్ వదులైనా, కనెక్టర్‌లోకి తేమ చేరినా, 12 వోల్టుల బ్యాటరీ బలహీనపడినా ఇలా జరగొచ్చు. కొత్త కార్లలో పదుల సంఖ్యలో కంప్యూటర్ యూనిట్లు ఉంటాయి. వోల్టేజ్ కాస్త తగ్గినా ఒకదానితో సంబంధం లేని ఇంకో వార్నింగ్ వస్తుంది. గేర్‌బాక్స్ లైట్ వెలిగిందని గేర్‌బాక్స్ విప్పిస్తే చివరికి తప్పు బ్యాటరీది అని తేలొచ్చు.

స్పోర్ట్స్ కార్లకి ఇంకో ఇబ్బంది ఉంది. వాటిని రోజూ తీయరు. పార్క్ చేసినా అలారం, లాక్, ట్రాకర్ కొద్దికొద్దిగా కరెంట్ తాగుతూనే ఉంటాయి. వారాల తరబడి షెడ్డులో ఉంటే బ్యాటరీ డౌన్. అప్పుడు "మీరు వాడకపోవడం వల్లే" అని క్లెయిమ్ తోసేస్తారు. పైగా చాలా కంపెనీల్లో కారు వారంటీ వేరు, బ్యాటరీ వారంటీ వేరు. కరకంబాడిలో అమరరాజా లాంటి బ్యాటరీల ఫ్యాక్టరీ ఉన్న ప్రాంతం మనది. బ్యాటరీ మార్చడం ఇక్కడ చిన్న పని. కానీ వారంటీలో ఉన్న కారుకి బయట బ్యాటరీ వేసే ముందు బుక్‌లెట్‌లో ఏముందో చదవాలి.

క్లెయిమ్ ఎక్కడ పోతోంది?

చాలామంది ఓడిపోయేది కోర్టులో కాదు, సర్వీస్ సెంటర్ కౌంటర్ దగ్గర. మీరు చెప్పింది "ఘాట్‌లో ఇంజిన్ పవర్ పోయింది" అని. అడ్వైజర్ జాబ్ కార్డులో రాసింది "జనరల్ చెకప్" అని. మీరు సంతకం పెట్టేశారు. రేపు కమిషన్ ముందు ఆ కాగితమే మాట్లాడుతుంది.

అందుకే ఈ పనులు మర్చిపోవద్దు:

• లోపం వచ్చినప్పుడు మీటర్ వీడియో తీయండి. డ్రైవింగ్ చేస్తూ కాదు, పక్కనున్నవాళ్లతో తీయించండి. కిలోమీటర్ల రీడింగ్ కనిపించాలి.
• మీ మాటలు ఉన్నవి ఉన్నట్టు జాబ్ కార్డులో రాయించాకే సంతకం చేయండి. కాపీ తీసుకోండి.
• స్కానర్‌లో వచ్చిన ఫాల్ట్ కోడ్‌లను చెరిపేయకముందే ప్రింట్ అడగండి. ఒకసారి క్లియర్ చేస్తే సాక్ష్యం పోయినట్టే.
• లోపం దొరకలేదంటే అదే మాట కాగితం మీద ఇవ్వమనండి. అలాంటి నాలుగు కాగితాలు చేతిలో ఉంటే మీ కేసు బలంగా ఉంటుంది.
• ఫోన్‌లో మాట్లాడిన ప్రతిసారీ "మీరు ఇలా చెప్పారు" అని ఒక మెయిల్ పెట్టండి.

ఇంకో మాట. తిరుపతి నుంచి చెన్నై దాదాపు 140 కిలోమీటర్లు. చిత్తూరు నుంచి బెంగళూరు దాదాపు 180. కిందకి ఉండే స్పోర్ట్స్ కారుని కొక్కెం వేసి లాగకూడదు, ఫ్లాట్‌బెడ్ లారీ మీదే ఎక్కించాలి. రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌లో ఎన్ని కిలోమీటర్ల వరకు ఉచితమో కారు కొనేటప్పుడే రాతపూర్వకంగా తీసుకోండి.

ఇవి వారంటీలోకి రావు

బయట షాపులో వైర్ కత్తిరించి హారన్, లైట్లు, ఆంప్లిఫయర్ పెట్టించారా? కంపెనీ చేతికి మీరే ఆయుధం ఇచ్చినట్టు. అయినా వెంటనే ఒప్పుకోవద్దు. "ఆ ఫిట్టింగ్ వల్లే ఈ లోపం వచ్చిందని ఎలా తేల్చారు?" అని రాతపూర్వకంగా అడగండి.

ఎలుకలు వైర్లు కొరికినా, వరద నీరు చేరినా అది సాధారణంగా వారంటీ కాదు, ఇన్సూరెన్స్ విషయం. 2021 నవంబర్ వరదల్లో తిరుపతి వీధులు ఎలా మునిగాయో గుర్తుందిగా? నీళ్లలో నిలిచిన కారుని స్టార్ట్ చేయకండి. షార్ట్ సర్క్యూట్‌తో పాటు ఇంజిన్ కూడా పోతుంది.

రీకాల్ ఉందేమో చూశారా?

2024 జూలైలో కియా సంస్థ మన దేశంలో 1,138 ఈవీ6 కార్లను వెనక్కి పిలిచింది. 12 వోల్టుల బ్యాటరీని చార్జ్ చేసే వ్యవస్థలో సమస్య, పరిష్కారం సాఫ్ట్‌వేర్ అప్‌డేట్. అంతకుముందు 2021లో పోర్షే కూడా నడుస్తుండగా పవర్ పోయే సమస్యతో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 43,000 టైకాన్ కార్లకి సాఫ్ట్‌వేర్ మార్చాల్సి వచ్చింది. అంటే "ఇలాంటి కంప్లైంట్ మీ ఒక్కరిదే సార్" అనే మాట ప్రతిసారీ నిజం కాదు. చాసిస్ నంబర్‌తో కంపెనీ సైట్‌లో చెక్ చేయండి. రీకాల్ అయితే రిపేరు ఖర్చు కంపెనీదే.

కేసు ఎక్కడ వేయాలి?

కారు చెన్నైలో కొన్నా, బెంగళూరులో కొన్నా పర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే ఊళ్లోనే ఫిర్యాదు చేయొచ్చు. ఇక్కడి ఓనర్లకి ఇదే పెద్ద ఊరట.

• కారుకి చెల్లించిన ధర 50 లక్షల వరకు ఉంటే: జిల్లా కమిషన్
• 50 లక్షలు దాటి 2 కోట్ల వరకు: విజయవాడలోని రాష్ట్ర కమిషన్
• 2 కోట్లు దాటితే: ఢిల్లీలోని జాతీయ కమిషన్

గడువు రెండేళ్లు. ఫీజు చాలా తక్కువ. 20 నుంచి 50 లక్షల కారుకి 1,000 రూపాయలే. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లో వేయొచ్చు. ముందుగా 1915 హెల్ప్‌లైన్‌కి కాల్ చేస్తే కొన్ని గొడవలు అక్కడే తేలిపోతాయి. అవసరమైతే కారుని ల్యాబ్ పరీక్షకి పంపే అధికారం కమిషన్‌కి ఉంది. కాబట్టి ఈలోపు బయట మెకానిక్‌తో విప్పించకండి.

కారు కంపెనీ పేరు మీద ఉందా? డైరెక్టర్ సొంత వాడకానికి కొన్న బెంజ్ కారు విషయంలో 2024 జూలైలో సుప్రీంకోర్టు కొనుగోలుదారు పక్షాన నిలిచింది. అద్దెకి తిప్పే కారైతే మాత్రం లెక్క వేరు.

కొత్త కారే కావాలి అంటే?

ఇక్కడ ఆశ తగ్గించుకోవాలి. లోపమున్న భాగాన్ని మారుస్తామని వారంటీ చెబితే మొత్తం కారు మార్చమనలేరని 2006లోనే మారుతీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే లోపం పదే పదే వస్తోందని, భాగాలు మార్చినా పోలేదని చూపించగలిగితేనే మీ డిమాండ్‌కి బలం. అది చూపించేది మళ్లీ ఆ జాబ్ కార్డులే.

మీ కారు ఇప్పుడు బాగానే నడుస్తోందా? అయితే ఈ రోజే గ్లవ్ బాక్స్ తెరిచి వారంటీ బుక్‌లెట్‌లో "వర్తించనివి" అన్న పేజీ ఫొటో తీసి పెట్టుకోండి. ఇప్పటిదాకా వచ్చిన జాబ్ కార్డులన్నీ ఒకే ఫోల్డర్‌లో వేయండి. పది నిమిషాల పని. ఘాట్‌లో లైట్లు వెలిగిన రోజున వెతుక్కునే పని ఉండదు.