అంగన్‌వాడీ టీచర్‌ని అడిగారా?

పసిపిల్లల తిండి గురించి, గర్భిణుల ఆరోగ్యం గురించి ప్రభుత్వం ఏ పథకం తెచ్చినా ఊళ్లో దాన్ని నడిపేది అంగన్‌వాడీ టీచరు, ఆయా, ఆశా కార్యకర్త. పథకం తయారయ్యే చోట మాత్రం వీళ్లు కనిపించరు. అంతా నిర్ణయమయ్యాక మీటింగుకి పిలిచి చెబుతారు, వీళ్లు రాసుకుని రావాలి. ఆడవాళ్ల శ్రమ కావాలి, వాళ్ల ఆలోచన అక్కర్లేదు అనే ఈ పద్ధతి గురించి ఈసారి మాట్లాడుకుందాం.

నేను చేజర్ల నుంచి రాస్తున్నాను. ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ప్రాంతంలో ఆడవాళ్లు ప్రభుత్వ విధానాన్నే మార్చిన చరిత్ర ఉంది. కలిగిరి మండలం దూబగుంటలో రాత్రిబడులకి వెళ్లి అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు తమ ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించారు. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు జరగకుండా వేలమంది అడ్డం నిలబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండేళ్లు తిరగ్గానే, 1997లో, మద్యనిషేధాన్ని ఎత్తేశారు. రోడ్డెక్కి సాధించుకున్నది నిలవాలంటే నిర్ణయాలు జరిగే చోట మనకి శాశ్వతంగా స్థానం ఉండాలని ఈ అనుభవం చెబుతోంది.

అంగన్‌వాడీల కథ కూడా ఇదే. సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. పిల్లలకి తిండి పెట్టడం, తూకం వేయడం, ఆటపాటలతో చదువు చెప్పడం, టీకాలు వేయించడం, గర్భిణులకి, బాలింతలకి సలహాలివ్వడం, ఇవన్నీ వీళ్ల పనే. ఇంత పని చేయించుకుని వీళ్లని స్వచ్ఛంద సేవకులన్నారు. ఇచ్చేదాన్ని జీతం అనకుండా గౌరవ వేతనం అన్నారు. వీళ్లని కార్మికులుగా గుర్తించాలని 2013లో 45వ భారత కార్మిక మహాసభ సిఫారసు చేసింది. వీళ్లకి గ్రాట్యుటీ హక్కు ఉందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

అయినా ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు 2023 డిసెంబరు 12న సమ్మెకి దిగాల్సి వచ్చింది. అప్పటికి టీచరుకి నెలకి వచ్చేది 11,500 రూపాయలు, ఆయాకి 7,000. సమ్మె 42 రోజులు సాగింది. జనవరి మొదట్లో ప్రభుత్వం వీళ్ల మీద అత్యవసర సేవల చట్టం ప్రయోగించింది. జీతం అడిగితే స్వచ్ఛంద సేవకులు, పని ఆపితే అత్యవసర సేవకులు! అంత అత్యవసరమైన పని చేసే మనిషిని సమ్మెకి ముందే కూర్చోబెట్టి ఎందుకు అడగలేదు? 42 రోజుల కూలి పోగొట్టుకుంటే తప్ప చర్చల బల్ల దగ్గరికి రాలేకపోవడం ప్రజాస్వామ్యం కాదు.

వీళ్లని పిలిస్తే జీతాల గురించి తప్ప ఇంకేం మాట్లాడరని కొందరు అంటారు. జీతం గురించి మాట్లాడటంలో తప్పేముంది? కానీ వీళ్లు చెప్పగలిగేది అంతటితో అయిపోదు. పోషణ ట్రాకర్ యాప్‌నే చూడండి. 2021లో అది వచ్చింది. ఇంటికిచ్చే సరుకులకి తీసుకునేవాళ్ల ముఖాన్ని ఫోన్లో గుర్తించాలనే నిబంధన 2025 జులై 1 నుంచి తప్పనిసరి చేశారు. సరుకులు పక్కదారి పట్టకూడదన్నది మంచిదే. అయితే తెల్లారగానే కూలికి పోయే తల్లి ఫొటో ఏ వేళకి తీయాలి? నమోదైన నంబరున్న ఫోను పనికోసం వేరే ఊరు వెళ్లిన భర్త దగ్గరుంటే ఎలా? కాన్పుకి పుట్టింటికొచ్చిన పిల్ల పేరు అత్తగారి ఊళ్లో ఉంటే ఆమెకి గుడ్లు ఎవరివ్వాలి? సిగ్నల్ లేని రోజున సరుకులు ఆపాలా, ఇవ్వాలా? ఈ ప్రశ్నలు ఏ టీచరైనా మొదటి అరగంటలో అడిగి ఉండేది. అడగనివ్వకపోతే చివరికి నష్టపోయేది సరుకులు అందని తల్లీబిడ్డలు, మాట పడేది టీచరు.

చట్టాల ముసాయిదాలని కనీసం 30 రోజులు ప్రజల ముందుంచి అభిప్రాయాలు తీసుకోవాలని కేంద్రం 2014లో ఒక విధానం తెచ్చింది. కానీ అంగన్‌వాడీ పని ఎక్కువగా మారేది సర్క్యులర్లతో, యాప్‌లతో. వాటికి కూడా ఇలాంటి పద్ధతి కావాలి.

సంప్రదింపు అంటే సంతకాలు పెట్టించుకునే మీటింగు కాకూడదు. ముసాయిదా తెలుగులో, నెల ముందు చేతికి రావాలి. ప్రతినిధుల్ని అధికారులు ఏరుకోకూడదు, కార్యకర్తలే ఎన్నుకోవాలి. వాళ్లలో ఆయాలు, దళితవాడల్లో, గిరిజన కాలనీల్లో పనిచేసేవాళ్లు ఉండాలి. వచ్చిన రోజుని డ్యూటీగా లెక్కగట్టి బస్సు ఛార్జీలివ్వాలి. మాట్లాడినందుకు మెమోలు రాకూడదు. చెప్పినవాటిలో ఏది ఒప్పుకున్నారో, ఏది ఎందుకు కాదన్నారో ప్రభుత్వం రాతపూర్వకంగా చెప్పాలి. ఈ చివరిది లేకపోతే మిగిలినవన్నీ తతంగమే.

స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే మిత్రులకి కూడా ఒక మాట. విజయవాడలోనో ఢిల్లీలోనో జరిగే సమావేశాలకి మనల్ని పిలుస్తారు. అంగన్‌వాడీల తరఫున మనం ఎంత బాగా మాట్లాడినా అది వాళ్లు మాట్లాడినట్టు కాదు. పిలుపు వచ్చినప్పుడు ఒక టీచరుకి, ఒక ఆయాకి చోటివ్వమని అడుగుదాం. ఇవ్వకపోతే మన కుర్చీనే వాళ్లకిద్దాం.

వచ్చే మూడు నెలల్లో మీ మండలంలో ఒక పని చేయండి. ఇటీవల వచ్చిన ఏదైనా ఒక ఉత్తర్వు తీసుకుని టీచర్లతో, ఆయాలతో, ఆశాలతో కూర్చుని చదవండి. తమని అడిగి ఉంటే దాన్ని ఎలా రాయమనేవాళ్లో వాళ్ల మాటల్లోనే రాయించండి. ఒక ప్రతి జిల్లా కలెక్టరుకిచ్చి రసీదు తీసుకోండి. ఇంకొకటి మాకు పంపండి, వచ్చే సంచికలో వేస్తాం.