రాతి మీది వెలుగు, తెర మీది వెలుగు

గత వార్షికోత్సవ సందర్భమున మన విద్యార్థులు కొందరు కళాశాల వెబ్ పుటకు ఒక శీర్షికను తయారుచేశారు. కళాశాల పేరు ఉర్దూలోను, తెలుగులోను నల్లరాతిపై చెక్కినట్లు కానవచ్చును. మౌస్ కదిపినపుడెల్లా దీపము కదిలినట్లు అక్షరాల అంచులు మెరయును. చూచిన పెద్దలలో కొందరు "ఇది చదువా, సంతలోని తళుకా?" అన్నారు. మరికొందరు ప్రతి పుటకూ అదే మెరుపు కావాలన్నారు. ఈ రెండు అభిప్రాయాలతోను నేను ఏకీభవించలేను.

ఇందులో మాయ ఏమియు లేదు. తెరపై ఎత్తుపల్లాలు లేవు, ఉన్నవి చుక్కలే. ప్రతి చుక్కకు ఒక ఎత్తును ఊహించి, ఇరుగుపొరుగు చుక్కలతో పోల్చి, ఆ చోట తలము ఎటు వాలినదో గణిస్తారు. వాలు దీపమునకు ఎదురైతే వెలుగు హెచ్చు, పెడగా ఉంటే తక్కువ. ఈ హెచ్చుతగ్గులు కోణము యొక్క కొసైన్‌ను అనుసరిస్తాయని లాంబర్ట్ 1760లోనే నిరూపించాడు. 1978లో జేమ్స్ బ్లిన్ వస్తువు ఆకారమును ముట్టకనే, లెక్కలో వాలును మాత్రము కదిలించి, నున్నని తలముపై ముడతలు చూపాడు. 2001లో ప్రమాణముగా వెలువడిన ఎస్.వి.జి. చిత్రభాషలో ఈ దీపాలు చేరాయి. అచట చిత్రము యొక్క ఆల్ఫాను, అనగా ఏ చుక్క ఎంత నిండుగా ఉన్నదన్న విలువను, ఎత్తుగా గ్రహిస్తారు. మన విద్యార్థులను అడిగితే కొసైన్ సంగతి చెప్పలేకపోయారు. ఎవరో వ్రాసిన పంక్తులను తెచ్చి అతికించారట! నా అభ్యంతరము అంతవరకే. తళుకుతో నాకు పేచీ లేదు.

మన సాలూరులో లారీలపై పేర్లు వ్రాసే చిత్రకారులకు ఈ కిటుకు చేతివ్రేళ్లలో ఉన్నది. అక్షరమునకు ఒక ప్రక్క లేతరంగు, మరొక ప్రక్క ముదురునీడ పెడితే చదునైన చెక్కపై అక్షరము లేచి నిలుచును. అయితే వారి సూర్యుడు కదలడు. కదలని వెలుగులో కన్ను తేలికగా మోసపోతుంది. వెలుగు పైనుండి వచ్చునని మన కన్ను ముందే అనుకొంటుంది గనుక, గుంట యొక్క ఛాయాచిత్రమును తలక్రిందులు చేస్తే మెట్టగా కానవచ్చును. పదకొండవ శతాబ్దిలో ఇబ్న్ అల్ హైతమ్ తన 'కితాబ్ అల్ మనాజిర్'లో, గరుకుదనమును కన్ను వెలుగునీడలను బట్టి గుర్తిస్తుందని వివరించాడు. ఆ వెలుగు ఎటు నుండి వచ్చినదో తెలియనిచో గుర్తింపు తప్పుతుంది.

ఉర్దూ, తెలుగు రెండూ చదివే మనకు ఇది ఉత్త వినోదము కాదు. ముఖలింగములోని తూర్పు గాంగుల శాసనాలు రాతిలోనికి తొలిచినవి. గోల్కొండ కుతుబ్ షాహీ సమాధులపై లిపి రాతి నుండి పైకి ఉబికినది. లెక్కలో ఈ రెండింటికి తేడా ఒక గుర్తు మాత్రమే, ధనమా ఋణమా అని.

నా భయము ఇక్కడే ఉన్నది. అరిగిన శాసనపు ఛాయాచిత్రానికి ఈ మెరుపును పూస్తే, యంత్రము నలుపును పల్లమని, తెలుపును ఎత్తని అనుకొంటుంది. నూనె మరక గుంట అవుతుంది. లేని కొమ్ము, లేని దీర్ఘము పుట్టుకొస్తాయి. అందమైన ఆ అబద్ధమును రేపు ఎవరైనా పాఠముగా అచ్చువేయవచ్చు.

దీనికి విరుగుడు కూడా కదిలే వెలుగే. హెచ్.పి. పరిశోధనశాలలో టామ్ మాల్జ్‌బెండర్, ఆయన సహచరులు 2001లో ప్రకటించిన పద్ధతిలో కెమెరాను కదపక, దీపమును మాత్రము చుట్టూ త్రిప్పుతూ పలు చిత్రాలు తీస్తారు. ప్రతి చుక్క ఏ వెలుగుకు ఎట్లు స్పందించినదో ఆరు సంఖ్యలలో నిలుపుతారు. ఇక చూచువాడు తెరపై తనకు తోచిన దిక్కు నుండి దీపము వేసుకొనవచ్చు. ఇక్కడ వెలుగు ఊహ కాదు, సాక్ష్యము. 2005లో ఏథెన్స్‌లో ఆంటికితేరా యంత్రపు తునకలపై అరిగిన గ్రీకు అక్షరాలను ఈ విధముగా పరిశీలించారు.

ఖర్చుకు కమిటీ వారు వెరవనవసరము లేదు. ఒక కెమెరా, ముక్కాలిపీట, చేతిదీపము, దిక్కు గుర్తించుటకు నిగనిగలాడే నల్లని గోళీ ఒకటి, అంతే. పురావస్తు శాఖ అనుమతి తెచ్చే బాధ్యత నాది. వేసవి సెలవులకు ముందు గణితము, తెలుగు, ఉర్దూ విద్యార్థులకు రెండు రోజుల ముఖలింగ ప్రయాణము మంజూరు చేయవలసినదని కమిటీ వారికి నా మనవి. ఆ శీర్షికను అప్పటివరకు తీసివేయకండి; దానిని చేసిన పిల్లలే మొదట బండి ఎక్కాలి.