చదువుల భూమికి పట్టా ఏదీ?

కంచ అంటే ఏమిటో రంగారెడ్డి జిల్లా రైతుకు వేరే చెప్పనక్కరలేదు. పశువులు మేసే బీడు, ఊరందరికీ ఆసరా అయిన నేల. అటువంటి కంచలు ఈ యాభై ఏళ్ళలో విశ్వవిద్యాలయాలుగా, ఆటస్థలాలుగా, కంపెనీల అద్దాల మేడలుగా మారాయి. మారడం తప్పు కాదు. ఏ భూమిని, ఎవరికి, ఏ షరతుమీద, ఏ కాగితంమీద ఇచ్చారన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్నకు సరైన జవాబు లేకపోతే ఏం జరుగుతుందో 2025లో కంచ గచ్చిబౌలి అందరికీ చూపించింది.

1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం తర్వాత వచ్చిన ఆరు సూత్రాల పథకంలో హైదరాబాద్‌కు ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయం ఇస్తామన్నది ఒక సూత్రం. అందుకోసం రాజ్యాంగంలో 371-ఇ అధికరణాన్ని చేర్చారు. 1974 అక్టోబరు 2న విశ్వవిద్యాలయం ఏర్పడింది. తొలి రోజుల్లో అబిడ్స్‌లోని సరోజినీ నాయుడు గారి ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లోనే నడిచింది. 1975లో గచ్చిబౌలి దగ్గర సుమారు 2,300 ఎకరాలు కేటాయించారు. అప్పట్లో అది నగరానికి దూరంగా రాతిగుట్టలు, చెరువులు, తుప్పలు వున్న చోటు. ఆ భూమికోసం ఎవరూ పోటీ పడలేదు. అందుకే కాబోలు, పక్కాగా హక్కు రాసివ్వాలన్న తొందర కూడా ఎవరికీ కలగలేదు.

విశ్వవిద్యాలయం తన పని తాను చేసింది. 2019లో కేంద్రం దానిని విశిష్ట విద్యాసంస్థగా గుర్తించింది. ప్రయోగశాలలు పెరిగాయి. మందుల తయారీ, జీవశాస్త్ర రంగాల్లో కొత్త కంపెనీలు పెట్టేవారికి ఆవరణలోనే చోటిచ్చి, పనిముట్లిచ్చే బయోనెస్ట్ కేంద్రం వెలిసింది. పక్కనే 1998లో పరిశ్రమల భాగస్వామ్యంతో ఐఐఐటీ ఏర్పడింది. చదువుకూ పరిశ్రమకూ పొత్తు కుదరడం మంచిదే. పల్లెనుంచి వెళ్ళి అక్కడ చదివి పైకి వచ్చినవారు ఎందరో వున్నారు.

అయితే నగరం పెరిగేకొద్దీ ఆ 2,300 ఎకరాలమీద అందరి కన్నూ పడింది. ఐఐఐటీకి కొంత, బస్ డిపోకు కొంత, స్టేడియానికి కొంత, టాటా పరిశోధన సంస్థకు కొంత తీశారు. ఇవన్నీ ప్రజలకు పనికివచ్చేవే, కాదనలేం. కాని భూమి ముక్కలవుతున్న ప్రతిసారీ హద్దులు తేల్చి, మిగిలినది విశ్వవిద్యాలయం పేర రాసి వుంటే తర్వాతి గొడవ వచ్చేది కాదు.

ఆటల పేర జరిగినది ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2002 జాతీయ క్రీడలకోసం గచ్చిబౌలిలో పెద్ద స్టేడియం, ఈతకొలను, హాకీ మైదానం కట్టారు. 2003లో ఆఫ్రో-ఆసియా క్రీడలు, 2007లో ప్రపంచ సైనిక క్రీడలు హైదరాబాద్‌లోనే జరిగాయి. పండుగ అయిపోయాక పందిరి మిగిలింది. ఆటగాళ్ళ బసకు కట్టిన ఎత్తయిన భవనం 2020లో కోవిడ్ ఆసుపత్రిగా మారింది. ఆపదలో అది ఆదుకున్నది, సంతోషమే. కాని అంతటి భవనం ఆటగాళ్ళతో కళకళలాడుతూ వుంటే ఆసుపత్రికి దొరికేదా అన్నది ఆలోచించవలసిన మాట.

2003లో ఒలింపిక్ ఆటగాళ్ళను తయారు చేస్తామన్న ఒక ప్రైవేటు సంస్థతో అప్పటి ప్రభుత్వం ఒప్పందం చేసుకున్నది. కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలు, మామిడిపల్లి దగ్గర 450 ఎకరాలు ఆ సంస్థకు కేటాయించారు. అకాడమీ రాలేదు, ఆటగాడు రాలేదు. 2006లో తర్వాతి ప్రభుత్వం ఆ కేటాయింపును రద్దు చేసింది. కోర్టు వ్యవహారం 2024 దాకా సాగి, సుప్రీం కోర్టులో ప్రభుత్వం గెలిచింది.

అదే 2003లో, అదే గచ్చిబౌలిలో బాడ్మింటన్ క్రీడాకారుడు పుల్లెల గోపీచంద్‌కు 5 ఎకరాలు లీజుకు ఇచ్చారు. ఆయన తన ఇంటిని తాకట్టు పెట్టి, దాతల సాయం తీసుకుని 2008లో అకాడమీ తెరిచారు. అక్కడ తర్ఫీదు పొందిన సైనా నెహ్వాల్ 2012లో లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం, పి.వి.సింధు 2016లో రియోలో రజతం తెచ్చారు. 850 ఎకరాలు ఒక్క పతకం తేలేదు. 5 ఎకరాలు దేశం పరువు నిలబెట్టాయి. కావలసినది ఎకరాలు కాదు, పట్టుదల గల గురువు, రోజూ తెల్లవారుజామున తెరుచుకునే గేటు అని దీన్నిబట్టి తెలియడం లేదా?

ఇక 400 ఎకరాల కథ కంచికి చేరలేదు. కోర్టులో గెలిచిన ప్రభుత్వం ఆ భూమిని పరిశ్రమల మౌలిక సదుపాయాల సంస్థకు అప్పగించి, ఐటీ కంపెనీలకోసం వేలం వేయాలని తలపెట్టింది. 2025 మార్చి 30న, సరిగ్గా ఉగాది నాడు, బుల్డోజర్లు దిగాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు, అరెస్టయ్యారు. నెమళ్ళు, జింకలు చెల్లాచెదురయ్యాయి. ఏప్రిల్ 3న సుప్రీం కోర్టు కల్పించుకుని చెట్ల నరికివేతను ఆపించింది. అప్పటికే సుమారు 100 ఎకరాలు పాడయినట్టు హైకోర్టు రిజిస్ట్రార్ నివేదికలో తేలింది.

ఆ భూమి తమదేనని ప్రభుత్వం అన్నది. దానికి బదులు 2004లోనే గోపన్‌పల్లిలో 397 ఎకరాలు ఇచ్చామని చెప్పింది. హద్దుల సర్వే జరగనే లేదని విశ్వవిద్యాలయం అన్నది. ఎవరి మాట ఎంత నిజమో న్యాయస్థానాలు చెప్పవలసిందే. కాని పెద్ద పెద్ద ఆచార్యులున్న విద్యాలయం యాభై ఏళ్ళు ఒక భూమిలో కాపురం వుండి కూడా హక్కు పత్రం చూపించలేక తగవు పడవలసి వచ్చిందంటే, పహాణీలో పేరు లేక తహసీలు ఆఫీసు చుట్టూ తిరిగే సన్నకారు రైతు గతి ఏమిటి? భూమిని కాపాడవలసినవారే దానిమీదికి యంత్రాలు పంపితే, కంచే చేను మేసిందని జనం అనుకోరా?

ఈ పాఠం గచ్చిబౌలితో పోదు. ఇప్పుడు చదువుల చూపు జిల్లాలో మరోవైపు మళ్ళింది. 2024 ఆగస్టు 1న కందుకూరు మండలం మీర్‌ఖాన్‌పేటలో యంగ్ ఇండియా నైపుణ్య విశ్వవిద్యాలయానికి 57 ఎకరాల్లో శంకుస్థాపన జరిగింది. పరిశ్రమలతో కలిసి యువకులకు పని నేర్పుతామన్నారు. క్రీడలకు కూడా ఒక విశ్వవిద్యాలయం పెడతామని ప్రభుత్వం అదే ఏడాది ప్రకటించింది. ఉద్దేశం మంచిదే. కాని ఆ చుట్టుపక్కల ఊళ్ళు ఫార్మా సిటీ పేర భూములు వదులుకున్న ఊళ్ళు. భూమి పోయిన ఇంటి కుర్రవాడు ఆ గేటులోనికి విద్యార్థిగా పోతాడా, కాపలా మనిషిగా పోతాడా అన్నదే తల్లిదండ్రుల బెంగ.

కనుక ఏ విద్యాలయానికైనా శంకుస్థాపన రాయికంటే ముందు హద్దురాళ్ళు పాతాలి. సర్వే చేసి, గ్రామసభలో చదివి వినిపించి, హక్కు పత్రం రాసివ్వాలి. భూమి ఇచ్చిన కుటుంబాల పిల్లలకు, మండలం పిల్లలకు ఎన్ని సీట్లు, ఎన్ని కొలువులు అన్నది వేదికమీద మాటగా కాక ఒప్పందంలో అక్షరంగా వుండాలి. భాగస్వాములయ్యే కంపెనీలు ఏటా ఎందరికి పని ఇచ్చాయో పంచాయతీ గోడమీద రాయాలి. అయిదేళ్ళు వాడకుండా వదిలేసిన భూమిని సొంతదారుకు గాని, ప్రభుత్వ భూబ్యాంకుకు గాని తిరిగి చేర్చాలని 2013 భూసేకరణ చట్టం చెబుతున్నది. ఆ మాట అధికారులకు గుర్తు చేయవలసిన బాధ్యత ప్రజాప్రతినిధులది.

ఆటల విషయంలోనూ అంతే. 2022 జూన్‌లో ఊరూరా క్రీడా ప్రాంగణాలు మొదలుపెట్టారు. బోర్డు నిలిచి ఆట నిలవని చోట్లు లేకపోలేదు. నగరంలో మరో మహా స్టేడియానికి పెట్టే సొమ్ములో పిసరంత ఖర్చు చేసినా ప్రతి మండలానికి ఒక వ్యాయామ గురువును, ఊరికి ఒక వాలీబాల్ వలను ఇవ్వవచ్చు. రేపటి సింధు ఏ ఊరి బడిలో వున్నదో ఎవరికి తెలుసు?

విశ్వవిద్యాలయాలు పెరగాలి, పరిశ్రమలు రావాలి, పతకాలూ రావాలి. కాని కంచను ఇచ్చిన ఊరికి ఆ కంచ మీద పెరిగిన చెట్టు నీడయినా దక్కాలి. ఆ నీడను కాగితంమీద రాయించుకోవడం గ్రామస్థుల హక్కు. రాసివ్వడం ప్రభుత్వం విధి.