కాటా ముల్లు కదలకపోతే పస్తులా?

వీరమాచనేని రామకృష్ణ ఆహార విధానం 2018 ప్రాంతంలో మన పల్లెలకూ పాకింది. అన్నం మాని కొబ్బరినూనె, గుడ్లు పట్టినవారు ఇప్పటికీ ఉన్నారు. తొలి పక్షంలో మూడు నాలుగు కిలోలు చకచకా తగ్గి, తర్వాత కాటా ముల్లు కదలక, కొందరు పస్తులకు దిగుతున్నారు. ఇది తగని పని.

తొలుత పోయినదానిలో నీరే ఎక్కువ. ఒంట్లో నిలవ ఉన్న ఒక్కో గ్రాము పిండిపదార్థం సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అది కరిగితే నీరూ పోతుంది. పైగా తేలికైన ఒంటికి తిండీ తక్కువే చాలు. అన్నం మానాం కదా అని గుప్పెళ్లకొద్దీ వేరుశెనగలు నమిలితే ఎలా? 100 గ్రాములకు 560 కేలరీల పైమాటే! ముందు ఆ లెక్క చూసుకోవాలి. మొలతాడు వదులవుతుంటే కాటాతో పనేమిటి?

చక్కెర జబ్బుకు మాత్రలో, ఇన్సులినో వాడేవారి సంగతి వేరు. మందు మామూలుగా వేసుకుని పస్తుంటే చక్కెర పడిపోయి పొలంలోనే స్పృహ తప్పవచ్చు. వారు ముందుగానే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరును కలిసి మోతాదు సరిచేయించుకోవాలి.