రక్తం తీసిన తీరును బట్టే రిపోర్టు

మట్టి పరీక్షకు గట్టు పక్కన, పెంటకుప్ప దగ్గర మట్టి తీయకూడదని మనందరికీ తెలుసు. తీస్తే రిపోర్టు తప్పొస్తుంది, ఎరువు దండగవుతుంది. చేప రక్తానికీ ఇదే నియమం. ఆ సంగతి చెరువు రైతుకు చెప్పేవాళ్లే తక్కువ.

మొన్న చలికాలంలో నా చెరువులో శీలావతి మేత తగ్గించింది. ఒకే రోజు రెండు చోట్ల రక్తపరీక్ష చేయించాను. ఒకరు గట్టు మీదే, వల లాగిన వెంటనే రక్తం తీశారు. రెండో చోటికి చేపల్ని డ్రమ్ములో వేసుకుని గంటసేపు బండి మీద తీసుకెళ్లాను. అక్కడ గ్లూకోజు దాదాపు రెండింతలు చూపించింది. ఆ కాగితం పట్టుకునే మందుల చీటీ రాశారు. డబ్బు పోయింది. అడుగు బురద సంగతి చూసి నీరు మార్చాకే చేప మేతకొచ్చింది.

కారణం తర్వాత తెలుసుకున్నాను. వలలో పడి బెదిరిన చేప రక్తంలో నిమిషాల్లోనే కార్టిసాల్ హార్మోను పెరుగుతుంది. గ్లూకోజు కూడా ఎక్కుతుంది. అది జబ్బు కాదు, బెదురు.

రక్తం తీయడంలోనూ తేడాలున్నాయి. తోక దగ్గర వెన్నెముక కింది నాళంలోంచి సూదితో తీయడం మంచి పద్ధతి. తోక కోసి కారిన రక్తం పడితే జిగురు, కండలోని నీరు కలుస్తాయి. సన్న సూదితో గట్టిగా లాగితే ఎర్ర కణాలు పగిలి పొటాషియం లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. పొటాషియం ఈడీటీఏ గొట్టంలో పట్టినా అంతే. పైగా కాల్షియం తక్కువ చూపిస్తుంది. తీసిన రక్తాన్ని అలాగే ఉంచేస్తే కణాలే గ్లూకోజును తినేస్తాయి. చేప ఎర్ర కణానికి కేంద్రకం ఉంటుంది, మనిషి ఎర్ర కణానికి ఉండదు. అందుకే మనుషుల రక్తం లెక్కించే యంత్రంలో చేప కణాల లెక్క తప్పుతుంది.

పరీక్షలు వద్దని నేననడం లేదు. లెక్క అడుగుదాం అంటున్నాను. చేపను పట్టాక ఎన్ని నిమిషాలకు, ఎక్కడి నుంచి, ఏ గొట్టంలో రక్తం తీశారో, ఎంతసేపటికి పరీక్షించారో ప్రతి రిపోర్టు మీదా రాయాలి. మత్తు ఇస్తే అదీ రాయాలి. ఈ నియమం అన్ని ల్యాబులకూ పెట్టాలని మత్స్యశాఖను మన సంఘం అడగాలి.

మనవైపు నుంచి కూడా జాగ్రత్త ఉండాలి. ప్రతిసారీ ఒకే వేళకు, ఒకే పద్ధతిలో తీయించండి. మేత బాగా తింటున్న చెరువులోని చేపల రక్తం కూడా పక్కన పెట్టి పోల్చండి. ఒక్క చేప, ఒక్క కాగితం చూసి మందుల కొట్టుకు పరుగెత్తకండి.